పటం కట్టేదెవరు?

మా పాఠశాలలో డ్రాయింగు మాస్టారు ఒకరున్నారు. పాతికేళ్ళుగా పిల్లలకు మామిడికాయ, కూజా, జాతీయ జెండా గీయడం నేర్పుతూ, బడి వదిలాక రాత్రిపూట తనకోసం తాను బొమ్మలు వేసుకుంటూ వచ్చిన మనిషి. వచ్చే నెల అమలాపురంలో ఆయన చిత్రాల ప్రదర్శన జరగబోతున్నది. ఆయనకు ఇదే మొదటిది. "మాస్టారూ, మీరు తెలుగు ఎమ్మే గదా, నా బొమ్మల గురించి ఒక పేజీ ముందుమాట రాసిపెట్టండి" అని అడిగారు. రెండు రాత్రులు కూర్చుని రాసిచ్చాను. నాలుగు రోజుల తరువాత ఆయన ఆ కాగితాన్ని మడత నలగకుండా తిరిగి తెచ్చి ఇచ్చారు. "బాగుందండి. కానీ ఇందులో నా బొమ్మల్లేవు" అన్నారు.

ఆ మాట నొప్పించింది. నిజమైన మాట కనుకనే నొప్పించింది. నా ముందుమాటలో కోనసీమ ప్రకృతి రామణీయకత ఉన్నది, గోదావరి గలగలలు ఉన్నాయి, కొబ్బరాకుల మధ్య వెన్నెల ఉన్నది. ఆయన బొమ్మల్లో వీటిలో ఏ ఒక్కటీ లేదు. బొమ్మలు చూడకముందే కోనసీమ అనే మాట వినగానే నా కలం తనంత తానే పరుగెత్తిందన్నమాట. ఇది నా ఒక్కడి లోపమైతే వ్యాసం రాయవలసిన పనిలేదు. కళాకారుడి పనిని ప్రజల ముందు పెట్టేటప్పుడు దానికి చట్రం ఎవరు బిగించాలి, ఆ చట్రంలో ఏమి ఉండాలి అన్నది మన సాహిత్యానికీ, కళకూ పాత ప్రశ్న. ఆ ప్రశ్నను చరిత్రలో పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మరునాడు వారింటికి వెళ్ళాను. వసారాలో బీడింగు కర్రలు, రంపం, గాజు పలకలు, అట్టలు, సన్న మేకులు పరచి ఉన్నాయి. దుకాణంలో ఫ్రేము కట్టిస్తే ఖర్చు తట్టుకోలేనని తానే కట్టుకుంటున్నారు. ఒక బొమ్మ మీద ఎల్ ఆకారంలో కోసిన రెండు అట్టముక్కలను ఎదురెదురుగా పెట్టి జరుపుతూ చూస్తున్నారు. అది కొబ్బరి దింపు కార్మికుడి బొమ్మ. "ఇక్కడికి కోస్తే చెట్టు నిండుగా మిగులుతుంది, మనిషి సగం పోతాడు. ఇటు జరిపితే మనిషి మిగులుతాడు, చెట్టు తల పోతుంది. ఏం చేయమంటారు?" అని అడిగారు. అందాకా చట్రమంటే అలంకారమనే నేను అనుకున్నాను. అది ఒక తీర్పు అని ఆ వసారాలో తెలిసింది.

తెలుగులో 'పటం కట్టించడం' అనే మాట ఉన్నది. ఇంట్లో పెద్దలు పోతే ఫొటోను పటం కట్టిస్తాం. పరీక్షలో మొదటి తరగతి వస్తే యోగ్యతా పత్రాన్ని పటం కట్టిస్తాం. 1894లో బొంబాయిలో రవివర్మ అచ్చుకూటం మొదలైన తరువాత దేవతల రంగుల ముద్రణలు ఊరూరికీ చేరాయి. గాజూ చట్రమూ తొడుక్కుని గోడల మీదికి ఎక్కాయి. అంతకు మునుపు గుడిలోనో పీఠం మీదనో ఉన్న దేవుడు సామాన్యుడి గోడ మీదికి రావడం ఒక విధంగా ప్రజాస్వామికమైన మార్పే. అయితే ఆ మార్పుతోపాటు మరొక అలవాటు కూడా వచ్చింది. చట్రంలో ఉన్నది పూజకు, చట్రం బయట ఉన్నది పనికి అనే విభజన మన కంటికి అలవాటైంది. దింపు కార్మికుడి బొమ్మకు చట్రం బిగించడం చూసి, నాకు ఒక్క క్షణం వింతగా తోచడానికి కారణం ఈ అలవాటేనని ఒప్పుకోక తప్పదు.

సాహిత్య విద్యార్థులకు ఈ విషయం అవతారికల ద్వారా సులువుగా బోధపడుతుంది. ప్రబంధం తెరవగానే ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, ఆ తరువాత కృతిపతి వంశవర్ణన, చివరకు షష్ఠ్యంతాలు. కథ ఇంకా మొదలు కాలేదు. చట్రం మాత్రం తయారైంది. ఆ చట్రంలో పెద్దపీట కావ్యం రాసినవాడికి కాదు, రాయించినవాడికి. కవి తన గురించి చెప్పుకున్న నాలుగు మాటలు కూడా రాజు నోట పలికించడం ఒక మర్యాదగా స్థిరపడింది. పోతన తన భాగవతాన్ని రాజుకు కాక రాముడికి అంకితమివ్వడం భక్తుడి నిర్ణయమని మనం పాఠాలు చెబుతాం. అది నిజమే. కాని తన కావ్యానికి చట్రం తానే కట్టుకుంటానన్న ఒక రచయిత నిర్ణయం కూడా అందులో ఉన్నదని చెప్పడం మరచిపోతాం.

ఆధునిక యుగంలో అవతారిక స్థానాన్ని పీఠిక ఆక్రమించింది. గురజాడ 'కన్యాశుల్కం' 1897లో అచ్చయినప్పుడు ఆనందగజపతికి అంకితమైంది. దానికి గురజాడ రాసిన పీఠిక ఇంగ్లీషులో ఉన్నది. 1909లో సమూలంగా మార్చి ప్రచురించిన రెండవ కూర్పుకు కూడా ఇంగ్లీషు పీఠికే. గిరీశాన్నీ, మధురవాణినీ జీవద్భాషలో మాట్లాడించిన రచయిత, ఆ భాషను ఎందుకు వాడవలసి వచ్చిందో మాత్రం పరాయి భాషలో వివరించాడు. ఎందుకంటే ఆనాడు తీర్పు చెప్పే స్థానంలో ఉన్నవారు ఆ భాష చదివేవారు. నాటకం ప్రజలకు, చట్రం అధికారులకూ పండితులకూ. ఇది గురజాడను తప్పుపట్టడం కాదు. వలస పాలనలో రచయిత నిలబడిన ఇరుకు చోటును గుర్తించడం. ఇక 'మహాప్రస్థానం' సంగతి అందరికీ తెలిసిందే. 1950లో పుస్తకంగా వచ్చిన ఆ సంపుటికి చలం రాసిన ముందుమాట పేరే 'యోగ్యతా పత్రం'. యోగ్యతా పత్రాలిచ్చే ఆచారాన్నే ఎగతాళి చేసే శీర్షిక అది. ముందుమాట రాసేవాడికి ఉండవలసిన మొదటి గుణం తన ఉద్యోగం మీద తనకే అనుమానం ఉండడమని ఆ శీర్షిక నాకు నేర్పి ఉండవలసింది. నేర్చుకోలేదు.

ఇంతవరకు చెప్పినది చదువుకున్నవారి చట్రాల గురించి. చేతిపని చేసేవారు ఈ సమస్యను మరొక విధంగా పరిష్కరించుకున్నారు. శ్రీకాళహస్తి కలంకారీ తెరలను చూడండి. గుడ్డను గళ్ళుగా విభజించి, గడి చుట్టూ అంచు గీసి, రామాయణ భారత ఘట్టాలు వరుసగా చిత్రిస్తారు. అనేక తెరలలో ఘట్టం కింద తెలుగు అక్షరాలతో అది ఏ ఘట్టమో రాసి ఉంటుంది. బొమ్మ గీసే కలంతోనే అక్షరం కూడా పడుతుంది. బొమ్మ, అంచు, వివరణ ఒకే గుడ్డ మీద, ఒకే పనిశాలలో పుట్టినవి. తెలంగాణలోని చేర్యాల పటాలకు అసలు చట్రమే లేదు. కథ చెప్పేవాళ్ళు పటాన్ని విప్పుతూ, వేలితో చూపుతూ, పాడుతూ పోతారు. వాళ్ళ గొంతే చట్రం. ఈ రెంటిలోనూ ఒక సమాన లక్షణం గమనించదగినది. అక్కడ రాసినదీ పలికినదీ 'ఇది ఫలానా' అని చెబుతుంది. 'ఇది మహత్తరమైనది' అని చెప్పదు. ఆ మాట అనవలసింది చూసేవాళ్ళు.

మా కోనసీమలో ఈ సంప్రదాయానికి గొప్ప ఉదాహరణ ప్రభ. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి శివారు జగ్గన్నతోటకు పదకొండు గ్రామాల నుండి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వెదురుతో ఎత్తుగా చట్రం కట్టి, దానికి రంగురంగుల గుడ్డలు చుట్టి, పూలదండలతో అలంకరించి, భుజాల మీద మోసుకు వస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ నీళ్ళలో దిగి దాటుతాయి. చేలకు అడ్డంపడి నడుస్తాయి. మధ్యలో ఉండే ఉత్సవమూర్తి చిన్నది. జనం తలెత్తి చూసేది ఆ చుట్టూ ఉన్న వెదురు పనిని, గుడ్డ బిగువును, మోసేవాళ్ళ అడుగుల పొందికను. చట్రమే చిత్రమైన కళ ఇది. పేరు పలక ఉండదు, రూపకర్త సంతకం ఉండదు. ఫలానా ఊరి ప్రభ అంటారు, అంతే. 'ఊరు' అన్న మాటలో ఎవరికి ఎంత చోటున్నదనే ప్రశ్న వేరే ఉన్నది. దానిని దాచి ప్రభను కీర్తించడం అభ్యుదయవాదులకు తగదు. అయినా కట్టినవాడూ మోసినవాడూ చూపేవాడూ వేరు వేరు కాని ప్రదర్శన అది అన్న సంగతి కాదనలేము.

2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్‌లో గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ప్రభల తీర్థం కదిలింది. మా ఊళ్ళలో టీవీల ముందు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఆ తరువాత మా డ్రాయింగు మాస్టారు అన్న మాట గుర్తుండిపోయింది. "బాగానే ఉందండి. భుజాలు పోయి చక్రాలొచ్చాయి" అన్నారాయన. శకటం వాహనం మీదనే కదలాలి. అది అక్కడి నియమం, ఎవరి తప్పూ కాదు. కాని ఒక కళారూపం తన చోటు వదిలి ప్రదర్శనగా మారగానే మొదట జారిపోయేది శ్రమ అన్న సూత్రం ఆ ఒక్క మాటలో ఉన్నది.

'ప్రదర్శన' అనే సంస్థ మనకు కొత్తది. వలస పాలనాకాలంలో బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో అది వేళ్ళూనింది. చిత్రం రైలెక్కి పోవాలి. వందల చిత్రాల మధ్య గోడకు వేలాడాలి. దానికి చట్రం, శీర్షిక, ధర, కేటలాగులో ఒక సంఖ్య ఉండాలి. చూసి బహుమతి ఇచ్చే పెద్దలుండాలి. గోదావరి తీరం నుండి ఆ లోకంలోకి నడిచిన తొలి ఆధునిక చిత్రకారుడు దామెర్ల రామారావు. 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టాడు. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించాడు. 1916లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరి, చదువు ముగించుకుని రాజమండ్రి తిరిగివచ్చి చిత్రకళాశాల పెట్టాడు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన 'ఋష్యశృంగ బంధనం' బహుమతి పొందింది. 1925 ఫిబ్రవరి 6న మశూచితో చనిపోయాడు. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు.

రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలకు ప్రతి ఏడూ పిల్లలను తీసుకువెళుతుంటాను. 'పుష్పాలంకరణ', 'కార్తీక పౌర్ణమి' వంటి ప్రసిద్ధ చిత్రాల ముందు పిల్లలు ఆగుతారు. నన్ను ఆపేవి ఆయన స్కెచ్చులు. పూర్తిచేసిన చిత్రం ప్రదర్శనను దృష్టిలో పెట్టుకుని తనను తాను దిద్దుకుంటుంది. స్కెచ్చుకు ఆ బాధ్యత లేదు. ఎదుట ఉన్న మనిషిని, చెట్టును, ఒడ్డును ఉన్నట్టు పట్టుకుంటుంది. ఈ స్కెచ్చులలో ఏవి చట్రానికి ఎక్కాలో, ఏ వరుసలో ఎక్కాలో చెప్పే వయసు రాకముందే ఆయన పోయాడు. ఆ తరువాత చట్రం కట్టినవారు ఇతరులు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆయన కళాశాలను నడిపి, ఆయన పేరు నిలబెట్టాడు. విమర్శకులు 'ఆంధ్ర శైలి' అనే పేరు తగిలించారు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటర్జీ నేర్పిన వంగ సంప్రదాయం ఒక వైపు, రాజమండ్రి మరొక వైపు అని గీత గీశారు. ప్రేమతో కట్టిన చట్రాలే ఇవన్నీ. అయినా చట్రాలే. దామెర్ల భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులు. మన చరిత్రలో వారు ఎక్కువగా 'భార్య', 'చెల్లెలు' అన్న రెండు మాటల మధ్యనే కనిపిస్తారు. చట్రం బిగించేవాడు కోసివేసిన అంచున ఎవరుంటారో చూడండి. సాధారణంగా స్త్రీలుంటారు, శ్రామికులుంటారు.

తన పనికి తానే చట్రం కట్టుకుంటానని బహిరంగంగా ప్రకటించిన చిత్రకారుడి పేరు చెప్పమంటే యూరపు చరిత్రలో కూర్బే పేరు చెప్పాలి. 1855లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు పంపిన చిత్రాలలో ఆయన ముఖ్యమైన పెద్ద చిత్రాలను న్యాయనిర్ణేతలు తిరస్కరించారు. ఆయన ఆ ప్రదర్శనకు దగ్గరలోనే సొంత మంటపం కట్టించి, సుమారు 40 చిత్రాలు పెట్టి, టిక్కెట్టు పెట్టి చూపించాడు. కేటలాగుకు తానే ముందుమాట రాసుకున్నాడు. వాస్తవికవాది అన్న పేరు తాను పెట్టుకున్నది కాదనీ, ఇతరులు తగిలించినదనీ, తన కాలపు ఆచారాలనూ మనుషులనూ తన చూపుతో చిత్రించడమే తన ఉద్దేశమనీ అందులో చెప్పాడు. రాళ్ళు కొట్టే కూలీలను చిత్రించిన మనిషికి, ఆ చిత్రాన్ని ఎవరు ఏ మాటలతో చూపుతారన్నది పట్టింపు కాకుండా ఎలా ఉంటుంది? తరువాతి కాలంలో పిస్సారో, డెగా మొదలైనవారు గిల్టు చట్రాలు మాని తెల్ల చట్రాలు వాడడం మొదలుపెట్టారు. బంగారు పూత డబ్బున్న ఇంటి గోడకోసం. తమ రంగులకు అది పనికిరాదని వారి అభిప్రాయం. చట్రం కర్ర గురించిన తగవు కూడా ఎవరి కంటికోసం చిత్రం వేస్తున్నామన్న తగవేనని దీనివల్ల తెలుస్తున్నది.

మన దేశంలో, మన ఉద్యమానికి దగ్గరగా, చిత్తప్రసాద్ ఉన్నాడు. 1943 బెంగాలు కరువులో మిడ్నపూరు జిల్లా కాలినడకన తిరిగి, కనిపించిన మనుషులను నల్లసిరాతో చిత్రించాడు. బొమ్మతోపాటు ఆ మనిషి ఎవరు, ఏ ఊరు, ఏమైంది అన్నది రాసుకున్నాడు. ఆ బొమ్మలూ ఆ కథనమూ కలిపి 'హంగ్రీ బెంగాల్' అనే చిన్న పుస్తకంగా వస్తే, బ్రిటిష్ ప్రభుత్వం ప్రతులు పట్టుకుని తగలబెట్టింది. కుటుంబం దాచిన ఒక ప్రతి మిగిలింది. దాని ఆధారంగా తరువాత మళ్ళీ అచ్చయింది. తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది కూడా ఆ 1943లోనే. ప్రభుత్వం భయపడింది కరువు మనిషి బొమ్మకు మాత్రమే కాదనుకుంటాను. పేరు లేని బక్కమనిషిని చూసి జాలిపడి ఊరుకోవచ్చు. పేరూ ఊరూ తేదీ ఉన్న మనిషి సాక్షి అవుతాడు. చిత్రానికి సాక్ష్యపు బలం ఇచ్చింది చిత్రకారుడు తానే కట్టిన ఆ అక్షరాల చట్రం.

ఇప్పుడు మా ఊరి వసారాకు తిరిగి వద్దాం. ఇరవై ఎనిమిది బొమ్మలు. దింపు కార్మికులు, కొబ్బరికాయ ఒలుపు కార్మికులు, పీచు నేసే ఆడవాళ్ళు, లంకలో పడవ దిగే బడిపిల్లలు. ఒకటి 1996 నవంబరు 6 తుపాను తరువాత తలలు తెగిన తోట. ఒకటి పాశర్లపూడి మంట. 1995 జనవరి 8న అక్కడి గ్యాసు బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. అప్పుడు నేను హైస్కూలు విద్యార్థిని. రాత్రిపూట ఆకాశం ఎర్రగా ఉండేది. మరొకటి 2014 జూన్ 27 వేకువన నగరం గ్రామంలో గ్యాసు పైపు పేలి ఇరవైమందికి పైగా చనిపోయిన తరువాతి దృశ్యం. నిలువునా మాడిన కొబ్బరిచెట్లు, మధ్యలో ఇంటి గుమ్మం, ఇల్లు లేదు.

హాలు అద్దె భరిస్తానన్న ఒక దాత ఈ బొమ్మలు చూసి, మంటల బొమ్మలు రెండూ తీసేస్తే బాగుంటుందనీ, ప్రదర్శనకు 'కొబ్బరాకుల కోనసీమ' అని పేరు పెడితే జనం వస్తారనీ సలహా ఇచ్చారు. ఆయన చెడ్డవాడు కాడు. నేను రాసిన ముందుమాటా ఆ సలహా ఒకే తానులో ముక్కలని నాకు అప్పుడే స్ఫురించింది. ఇద్దరమూ కోనసీమకు ఒక చట్రం ముందే సిద్ధం చేసిపెట్టుకున్నాం. అందులో ఇమడని మనుషులను కోసేస్తున్నాం. సినిమా పాటల్లో, క్యాలెండర్లలో, పర్యాటక ప్రకటనల్లో ఉన్నదీ ఈ చట్రమే. చెట్టు ఉంటుంది, చెట్టెక్కినవాడు ఉండడు. పేరు పెట్టడం ఎంత బరువైన పనో అమలాపురం వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2022 మేలో జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చాలన్నప్పుడు ఆ వీధుల్లో ఇళ్ళు తగలబడ్డాయి. పేరు నిలిచింది. పేరు అలంకారం కాదని, ఎవరికి చోటుంది ఎవరికి లేదన్న ప్రశ్న అని ఆ రోజు తేలిపోయింది.

కొత్తపేట మా తాలూకాలకు శిల్పుల ఊరు. అక్కడి వడయార్ల శిల్పశాలలో తయారైన నాయకుల విగ్రహాలు రాష్ట్రమంతటా కూడళ్ళలో నిలబడి ఉన్నాయి. ఏ కూడలిలోనైనా విగ్రహం కింది శిలాఫలకం చదివి చూడండి. ఆవిష్కర్త, అధ్యక్షుడు, ముఖ్య అతిథి, దాతలు వరుసగా కనిపిస్తారు. మట్టి కలిపి, పోత పోసి, కన్ను తీర్చినవాడి పేరుకోసం వెతుక్కోవాలి. ఆ ఫలకం మన అవతారికకు వారసురాలు. కృతిపతి మారాడు, పద్ధతి మారలేదు.

అయితే కళాకారుడు తన పని గురించి చెప్పుకున్నదే చివరి మాటా అన్న ప్రశ్న ఇక్కడ ఉదయిస్తుంది. కాదు. రచయిత ఉద్దేశమే రచన విలువ అని నమ్మితే విమర్శకు పనేమీ ఉండదు. ఉద్దేశం గొప్పదై బొమ్మ పేలవమైన సందర్భాలు మన ఉద్యమ సాహిత్యంలోనే కావలసినన్ని ఉన్నాయి. ముందుమాటలో విప్లవం, లోపలి పేజీల్లో నిస్సత్తువ ఉన్న కవితా సంపుటాలు ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. కూర్బే ముందుమాటలో కూడా సొంత డప్పు కొంత వినిపిస్తుంది. కనుక రెండు విషయాలను విడదీసుకోవాలి. ఈ పని ఎక్కడ, ఎప్పుడు, ఏ స్థితిలో, ఎవరిని చూసి, ఏ సామగ్రితో చేశానన్నది చెప్పడం కళాకారుడి హక్కు. ఇంకా గట్టిగా చెప్పాలంటే బాధ్యత. ఎందుకంటే అది మరెవరికీ అంత ఖచ్చితంగా తెలియదు. ఆ పని మంచిదా చెడ్డదా అన్నది చూసేవారి హక్కు. కలంకారీ పనివాడు ఘట్టం పేరు రాసి ఊరుకున్నాడు. చిత్తప్రసాద్ మనిషి పేరు రాసి ఊరుకున్నాడు. తీర్పు మనకు వదిలారు. అవతారికా శిలాఫలకమూ నా ముందుమాటా తీర్పుతో మొదలుపెట్టాయి. పని సంగతి మరిచాయి. ఏది మంచి చట్రమో ఏది చెడ్డ చట్రమో తేల్చడానికి ఇంతకంటే సులువైన కొలత నాకు కనిపించలేదు.

మరి విమర్శకుడికి పనేమిటి? ఉన్నది. కళాకారుడు చెప్పిన సంగతికీ చేసిన పనికీ పొత్తు కుదిరిందో లేదో చూడడం, దానిని చరిత్రలో దాని చోట నిలబెట్టడం. ఆ పని ప్రదర్శన తలుపు తెరిచిన తరువాత మొదలవుతుంది. తలుపు దగ్గర నిలబడి లోపలికి వచ్చేవాళ్ళ కళ్ళకు అద్దాలు తగిలించడం విమర్శ కాదు.

నా ముందుమాట చించేశాను. డ్రాయింగు మాస్టారు తానే ఒక చిన్న కాగితం రాసుకున్నారు. గుమ్మం పక్కన అంటిస్తారట. ఆయన అనుమతితో అందులోని సారాంశం చెబుతాను. ఈ బొమ్మలు బడి వదిలాక వేసినవి. చెట్టెక్కిన మనిషిని కిందనుంచి చూసి వేశాను కనుక పాదాలు పెద్దవిగా ఉంటాయి. నగరం వెళ్ళేసరికి మంట ఆరిపోయింది, కాలిన చెట్లనే చూశాను, మంటను వేయలేదు. రంగులు చవకవి, కొన్ని వెలిసిపోవచ్చు. ఇంతే. ఇందులో 'అందం' అన్న మాట లేదు, 'ఆవేదన' అన్న మాట కూడా లేదు. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను; ఇంత నికార్సయిన పీఠిక నేను రాయలేదు.

"దాతగారు ఒప్పుకున్నారా?" అని అడిగాను. "హాలు అద్దె నేనే కట్టుకుంటానని చెప్పానండి" అన్నారు. "నగరం బొమ్మ ఉంటుందా?" "ఆయ్, గుమ్మం ఎదురుగానే." పేరు మాత్రం ఇంకా పెట్టలేదట.

వచ్చేటప్పుడు దింపు కార్మికుడి బొమ్మ గోడకు చేరవేసి ఉన్నది. మేకులు కొట్టడం అయిపోయింది. చెట్టు తల పోయింది. మనిషి నిండుగా ఉన్నాడు, పాదాలతో సహా.